మూతి కట్టిన తుపాకి: తొమ్మిదో వారం

డెల్ఫా పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి రమ్మని ఫెలీసా అనలేదు. వెళ్ళమనడానికీ నోరు రాలేదు.

పళ్ళెంలో బెల్లం, కొబ్బరిపాలు పోసి వండిన జిగురన్నం. పైన అరిటాకు ముక్క కప్పి ఉంది. ఏడాది చివరి రోజున ఆ వీధిలో ఇంటింటికీ తిరిగే పళ్ళెమే అది. కాకపోతే ఏటా మొదటి పళ్ళెం ఈ ఇంటినుంచి ఆ ఇంటికి వెళ్ళేది. ఈసారి ఫెలీసాకి పొయ్యి వెలిగించాలనే అనిపించలేదు.

"పట్టుకో మారే, చేతులు కాలుతున్నాయి," అంది డెల్ఫా.

ఫెలీసా పళ్ళెం అందుకుంది. జ్ఞానస్నానం నాడు డెల్ఫా కొడుకు ఓన్యోక్‌ని చేతుల్లో ఎత్తుకుని జ్ఞానతల్లి అయింది ఫెలీసాయే. ఆ రోజునుంచీ ఆ ఆడవాళ్ళిద్దరూ ఒకరికొకరు మారే. ఐదేళ్ళుగా ఎంత తియ్యగా ఉండేదో ఆ పిలుపు. ఈ రెండు రోజులుగా వినపడితే చాలు, ఆమెకి ఒళ్ళు చచ్చిపోతోంది.

డెల్ఫా మొహమాటపడుతూనే మొదలుపెట్టింది. తమ్ముడు ఈమోని నిన్న పొద్దున పోలీసులు పట్టుకెళ్ళారు. సాయంత్రం అన్నం తీసుకెళ్తే చూడనివ్వలేదు. వాడు పికోలో టపాకాయలు అమ్మాడు, నిజమే, కాదని ఎవరన్నారు? పండగ రోజుల్లో వీధికొకడు చాటుగా అమ్ముతూనే ఉంటాడు. కానీ ఓన్యోక్‌కి మాత్రం తను ఇవ్వలేదన్నాడు. పట్టుకెళ్తుంటే చచ్చిపోయిన తల్లి మీద ఒట్టేశాడు.

"పారే ఒక్క మాట చెబితే వదిలేస్తారు కదా," అంది. పారే అంటే ఫెలీసా మొగుడు, సార్జెంటు సెవెరో. "కేసు వద్దని నేనే రాసిస్తాను. దెబ్బ తగిలింది నా బిడ్డకి. నాకు లేని పట్టింపు వాళ్ళకెందుకు?"

ఫెలీసా అరిటాకు సర్దింది, మళ్ళీ సర్దింది.

వెనకనుంచి అత్తగారు బసిల్యా వచ్చి ఆదుకుంది. అబ్బాయి మధ్యాహ్నం భోజనానికి వస్తాడు, తప్పకుండా చెప్తాం, ముందు నువ్వు పిల్లాణ్ణి చూసుకో అంటూ డెల్ఫా వీపు మీద చెయ్యేసి మెట్ల దాకా నడిపించింది. దిగబోతూ డెల్ఫా వెనక్కి తిరిగింది. వాడి కుడి చెవి ఇంకా కారుతోందట. ఆ పక్కనుంచి పిలిస్తే పలకడట. సెలవులయ్యాక పట్నంలో పెద్ద డాక్టరుకి చూపించమన్నారట.

"నిన్నే అడుగుతున్నాడు మారే. నినాంగ్ ఎందుకు రావట్లేదని."

నినాంగ్ అంటే జ్ఞానతల్లి. ఫెలీసా తల మాత్రం ఊపింది.

డెల్ఫా వెళ్ళాక బసిల్యా పళ్ళేన్ని బల్ల మీద పెట్టించి, గోడకి వేలాడుతున్న కేలండరు ఒకసారి సరిచేసింది. ఎనభైకి దగ్గరపడుతున్నా ఆవిడ చేతులు వణకవు. ఆ కేలండరు మొన్నటిదాకా పడగ్గదిలో ఉండేది. వెదురు తడిక గోడకి పడిన బొక్కని కప్పడానికి ముందుగదిలోకి తెచ్చింది ఆవిడే.

ఆ బొక్క మొన్న మధ్యాహ్నం పడింది.

సెవెరో పోలీసులో చేరి పదహారేళ్ళు. ఇంటికి రాగానే తుపాకిలోంచి గుళ్ళ పెట్టె ఊడదీసి, రెండింటినీ మంచం కింద రేకుపెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మెడలో వేసుకుంటాడు. పిల్ల పుట్టిన నాటినుంచీ ఇదే వరస. ఈ విషయంలో అతన్ని వేలెత్తి చూపడానికి లేదు. చిక్కంతా ఏడాది చివరి పదిహేను రోజులతోనే వచ్చింది.

క్రిస్మస్‌కి ముందు స్టేషన్లో అందర్నీ వరసగా నిలబెట్టి తుపాకుల మూతులు కట్టేస్తారు. గొట్టం చివర తెల్లటి అంటుకాగితం చుట్టి, దాని మీద కమాండరు స్వయంగా సంతకం పెడతాడు. కొత్త సంవత్సరం వచ్చేవేళ సంబరం పట్టలేక ఆకాశంలోకి పేల్చేవాళ్ళు ఉంటారు. ఆ గుండు తిరిగివచ్చి ఏ రేకుల కప్పునో చీల్చుకుని నిద్రపోతున్న పసివాడి మీద పడుతుంది. కనీసం పోలీసు చేతుల్లోంచి అలాంటిది జరగకూడదని ఈ కట్టు. జనవరి రెండున మళ్ళీ వరసగా నిలబెట్టి చూస్తారు. కాగితం చిరిగినా, సంతకం చెరిగినా సంజాయిషీ ఇచ్చుకోవాల్సిందే.

రేకుపెట్టెలో వేస్తే కాగితం అంచులు రాసుకుని లేచిపోతాయి. ఒరలోనే ఉంచితే చెమటకి సిరా అలుక్కుపోతుంది. రెండేళ్ళ కిందట అలాగే అలుక్కుపోయి సెవెరో పదిమందిలో మాట పడ్డాడు. అప్పట్నుంచీ ఆ పదిహేను రోజులూ, ఇంట్లో ఉన్నంతసేపూ, తుపాకిని ముందుగదిలో బాలయేసు పీఠం మీద మెత్తటి గుడ్డ పరిచి పెట్టడం మొదలుపెట్టాడు. మూతి కట్టే ఉంది, పైగా దేవుడి ముందుంది, ఇంకేం భయం? గుళ్ళు తీయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. పిల్లల ప్రాణాల కోసం అంటించిన కాగితాన్ని కాపాడబోయి, తుపాకిని తీసుకెళ్ళి పిల్లల చేతికందేచోట పెట్టారు. ఇదెక్కడి తెలివి అని ఇవాళ అనుకోవచ్చు. ఆ రోజున ఇంటిల్లిపాదికీ అది జాగ్రత్తలాగే కనిపించింది.

ఫెలీసా వంతు ఇంకా ఉంది. క్రిస్మస్ రోజు పీఠం దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తూ ఏడేళ్ళ లిలాయ్ బెదురుగా అడిగింది, అమ్మా అది పేలుతుందా అని. మూతికి తాళం వేశారే పిచ్చిమొహమా, ఇంక పేలదు అని ఫెలీసా నవ్వింది.

మొన్న సెవెరోకి సెలవు. క్షవరానికి వెళ్ళాడు. బసిల్యా చర్చికి వెళ్ళింది. ఫెలీసా పెరట్లో బట్టలు ఉతుకుతోంది. లిలాయ్ కుర్చీ ఎక్కి తుపాకి దించింది. ఆడుకోవడానికి వచ్చిన ఓన్యోక్ భయపడి వెనక్కి జరిగాడు. దీనికి తాళం వేశారు, ఇంక పేలదు అని చెప్పి, వాడి భయం పోగొట్టడానికే రెండు చేతులతో నొక్కింది. గుండు వాడి కుడి చెవి పక్కనుంచి పోయి, తడిక గోడ దాటి, పెరట్లో అరటిబోదెలో దిగబడింది. వేలెడు ఇటు జరిగి ఉంటే ఓన్యోక్ లేడు.

వాడి చెంప నల్లగా కాలింది. చెవిలోంచి నెత్తురు. డెల్ఫా సంతకి వెళ్ళి ఉంది. ఫెలీసా తడిబట్టలతోనే వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది. ఆ వారమంతా అక్కడికి వచ్చేవి టపాకాయల గాయాలే. నర్సు తలెత్తకుండానే కాగితం ముందుకు లాక్కుని, ఏం పేలింది అని అడిగింది.

పికోలో, అంది ఫెలీసా.

అగ్గిపెట్టె మీద గీసి విసిరే వేలెడంత టపాకాయ అది. అమ్మకూడదని నిషేధం ఉంది. ఫెలీసాని ఆ మాట అనమని ఎవరూ చెప్పలేదు. సెవెరోకి అప్పటికి సంగతే తెలియదు. అత్తగారికి తెలియదు. ఎవరో నేర్పించారనడానికి లేదు, ఎవరో బెదిరించారనడానికి లేదు. ఆ అబద్ధం పూర్తిగా ఆమె సొంతం.

ఆస్పత్రి కాగితం స్టేషన్‌కి వెళ్ళింది. పికోలోలు ఎవరు అమ్ముతారో ఊరందరికీ తెలుసు. ఈమో లోపల పడ్డాడు.

"డెల్ఫా ముందు మొహం అలా పెట్టుకోకు," అంది బసిల్యా, కుర్చీలో కూలబడుతూ. "చూసినవాళ్ళు ఏదో జరిగిందనుకుంటారు."

"జరిగింది కదా అత్తయ్యా."

"జరిగింది. ఎవరూ చావలేదు."

ఇంక ఆవిడ వరసగా చెప్పుకొచ్చింది. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండటానికి సెవెరోకి ఇంకా నాలుగేళ్ళుంది, అప్పుడుగానీ పింఛను రాదు. అదైనా పోతే పోయింది. పిల్ల మాటేమిటి? ఇవాళ ఏడేళ్ళు. రేపు పదిహేడేళ్ళు వస్తాయి. బళ్ళో, చర్చిలో, పెళ్ళిచూపుల్లో, ఎక్కడికి వెళ్ళినా, ఆ ఓన్యోక్‌ని కాల్చింది ఈ పిల్లే అని చెవులు కొరుక్కుంటారు. ఈమోదేముంది, మగవాడు, నాలుగు రోజులుండి వస్తాడు. వాడికి జైలు కొత్తా?

ఆఖరి మాట అన్నాక ఆవిడ కూడా తల దించుకుంది. ఈమోకి జైలు కొత్తే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

అత్తగారి మాటల్లో పిల్ల గురించిన మాట ఒక్కటి ఫెలీసాకి తన నోట్లోంచి వచ్చినట్టే ఉంది. అందుకే ఆవిడ మీద కోపం తెచ్చుకోలేకపోయింది.

సెవెరో పన్నెండున్నరకి వచ్చాడు. అన్నం వద్దన్నాడు. భోజనాల బల్ల మీద తుపాకి పెట్టి, పక్కన కొత్త అంటుకాగితం చుట్ట, జేబులోంచి పాత సెలవు చీటీ తీసి పెట్టాడు. చీటీ అడుగున కమాండరు సంతకం ఉంది. పాత దినపత్రిక అంచున దాన్ని చూసి దింపడం మొదలుపెట్టాడు. బళ్ళో కాపీ రాసే పిల్లాడిలా నాలుక బయటపెట్టి, ఒకటికి నాలుగుసార్లు రాశాడు. ఫెలీసాకి అతన్ని అలా చూడటం సిగ్గనిపించింది. కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ మాట్లాడింది.

"డెల్ఫా వచ్చింది."

"స్టేషన్‌కీ వచ్చింది."

"ఈమోని ఎప్పుడు వదులుతారు?"

"రెండో తారీకు తనిఖీ కానీ. ఆ తర్వాత మెల్లిగా నేనే చూస్తాను."

"పండగంతా లోపలే ఉంటాడన్నమాట."

సెవెరో అయిదో సంతకం మొదలుపెట్టాడు.

"అతని వాంగ్మూలం ఎవరు రాసుకున్నారు?" అని అడిగింది ఫెలీసా.

పెన్ను ఆగింది.

"నేనే. డ్యూటీలో ఉన్నది నేనే కదా."

"ఏమన్నాడు?"

వంటింట్లో బసిల్యా గిన్నెలు కదిలించడం ఆపేసింది.

"అమ్మిన మాట నిజమే అన్నాడు. ఓన్యోక్‌కి ఇవ్వలేదన్నాడు. అంతా అయ్యాక, పారే, పిల్లాడి చెవి ఎలా ఉంది అని నన్నే అడిగాడు." సెవెరో పెన్ను కింద పెట్టాడు. "సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాను. ఇంకేం అనలేకపోయాను."

ఫెలీసా వచ్చి ఎదురుగా కూర్చుంది. రెండు రోజుల్లో మొగుడి మొహం చూడటం అదే మొదటిసారి. కొత్త క్షవరం, చెవుల పక్కన తెల్లగా చర్మం కనిపిస్తోంది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి.

"చెప్పేద్దాం సెవెరో."

"వెళ్ళు. వెళ్ళి చెప్పు. ఉద్యోగం పోతుంది, పోనీ. నా మీద కేసు పెడతారు, పెట్టనీ. ఆ తర్వాత లిలాయ్‌ని కూర్చోబెట్టి, ఎలా పట్టుకున్నావు, ఏ వేలితో నొక్కావు అని అడుగుతారు. ఆ పక్కన కూర్చుని వింటావా నువ్వు?"

ఫెలీసా పెరటివైపు చూసింది.

"అసలు పికోలో అన్నది నేనా? నేను ఇంటికొచ్చేసరికే నువ్వు రాయించేసి వచ్చావు. నువ్వా మాట అనకపోయి ఉంటే ఆ రోజే ఒప్పుకునేవాణ్ణి."

"ఒప్పుకునేవాడివా?"

అంది గానీ, అందులో దెప్పిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అతను ఏమో అన్నట్టు తల పక్కకి తిప్పుకున్నాడు. పదమూడేళ్ళ కాపురంలో అతను అంత నిజాయితీగా ఇచ్చిన జవాబు ఇంకోటి లేదు, అదీ మాట లేకుండా.

ఆరో సంతకం కుదిరింది. అంటుకాగితం మీద అదే గీసి, గొట్టం చివర చుట్టి, గోటితో అంచులు నొక్కాడు. అప్పుడు ఫెలీసాకి అనుమానం వచ్చింది.

"అందులో గుళ్ళున్నాయా?"

"డ్యూటీకి వెళ్తున్నాను ఫెలీసా."

"ఇప్పుడు ఇంట్లోనే ఉన్నావు."

సెవెరో విసుగ్గా గుళ్ళ పెట్టె ఊడదీసి బల్ల మీద పడేశాడు. చాలా, అన్నాడు. ఆమె కదల్లేదు. పైభాగం వెనక్కి లాగి చూపించబోయాడు. లోపల మిగిలిన గుండు ఒకటి ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ వెళ్ళి జిగురన్నం పళ్ళేనికి తగిలి ఆగింది.

ముగ్గురూ దాన్ని చూశారు. బసిల్యా గుమ్మంలోంచి నుదుటి మీద శిలువ గుర్తు వేసుకుంది. ఇంత జరిగాక, ఇంట్లో పిల్ల తిరుగుతుండగా, అరగంటసేపు తుపాకి అలా నిండుగా అన్నం తినే బల్ల మీద ఉంది. సెవెరో చెవులు ఎర్రగా కందిపోయాయి. గుండు జేబులో వేసుకుని, తుపాకినీ గుళ్ళ పెట్టెనీ తీసుకుని, ఎవరివైపూ చూడకుండా మెట్లు దిగాడు. మోటార్‌సైకిల్ వీధి చివరిదాకా వెళ్ళేవరకూ ఇంట్లో ఎవరూ కదల్లేదు.

లిలాయ్ పెరట్లో నీళ్ళతొట్టి గట్టు మీద కూర్చుని ఉంది. మొన్నట్నుంచీ దానికి ఉలుకూ పలుకూ లేదు. పెడితే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. అసలు ఆ సంగతి దాని దగ్గర ఎత్తనే లేదు. ఎత్తకపోతే మర్చిపోతుందని పెద్దవాళ్ళ ఆశ.

ఫెలీసా వెళ్ళి పక్కన కూర్చుంది. పిల్ల కుడి చెవిలో వేలు గట్టిగా దూర్చుకుని ఉంది. చెవి నొప్పా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

"మరి ఎందుకలా మూసుకున్నావు?"

"ఓన్యోక్‌కి ఎలా వినపడుతుందో చూస్తున్నాను."

ఫెలీసా ఆ వేలు తీయబోయింది. పిల్ల తీయనివ్వలేదు. తొట్టిలో నీళ్ళ వైపు చూస్తూ, నెమ్మదిగా, నిష్ఠూరం కూడా లేకుండా అంది:

"అమ్మా, నువ్వు తాళం వేశారన్నావుగా."

ఫెలీసాకి తల కొట్టేసినట్టయింది. రెండు రోజులుగా పిల్లకి ఏం చెప్పాలా అని ఎన్నో మాటలు కూడబలుక్కుంది. నీ తప్పేం లేదమ్మా, ఎవరికీ ఏమీ కాలేదమ్మా, మర్చిపో. వాటిల్లో ఒక్కటీ నోటికి రాలేదు. తల్లి మాట నమ్మి ఆ పిల్ల ఆ పని చేసింది. ఇంక ఎప్పుడైనా తన మాట నమ్ముతుందా?

"అన్నాను," అంది. "తెలియకుండా అన్నాను. అది తాళం కాదు. తప్పు నాది లిలాయ్."

పిల్ల అప్పుడు వేలు తీసింది. ఏడవలేదు. తల్లి మొహం వైపు చూసింది, ఇంకా ఏదో ఉందన్నట్టు. ఫెలీసా లేచి నిలబడింది.

జిగురన్నం ఇంకో గిన్నెలోకి తీసి పళ్ళెం కడిగింది. ఖాళీ పళ్ళెం తిప్పి ఇవ్వకూడదు. అయినా అందులో ఏం పెట్టినా లంచంలా కనిపిస్తుందని ఊరికే పట్టుకుంది. ఎక్కడికని బసిల్యా అడిగింది. పళ్ళెం ఇచ్చొస్తానని చెప్పింది. బసిల్యా కోడలి చేతిలో ఖాళీ పళ్ళెం చూసింది, మొహం చూసింది. చెయ్యి పట్టి ఆపుతుందేమో అనుకుంది ఫెలీసా. ముసలావిడ లేచి పెరట్లోకి వెళ్ళి, మనవరాలి పక్కన కూర్చుంది.

రెండిళ్ళ మధ్యన ఉన్నది పది అడుగుల సందు. అది దాటడానికి ఫెలీసాకి రెండు రోజులు పట్టింది.

డెల్ఫా ఓన్యోక్ చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఏడాది గుండ్రంగా, నిండుగా సాగాలని కొత్త సంవత్సరానికి అందరూ వేసుకునే గుండ్రటి చుక్కల చొక్కా. ఓన్యోక్ చాప మీద బొమ్మ లారీ తోసుకుంటున్నాడు. చెంపకి మందు పూసిన గుడ్డ అంటించి ఉంది. నినాంగ్‌ని చూసి నవ్వాడు. నవ్వితే చెంప లాగిందేమో, చప్పున మానేశాడు.

పారే ఏమన్నాడు అని డెల్ఫా ఆత్రంగా అడిగింది.

"మారే, అది పికోలో కాదు," అంది ఫెలీసా.

డెల్ఫాకి అర్థం కాలేదు. ఇస్త్రీపెట్టె కాలర్ మీద నడుస్తూనే ఉంది.

"మా ఇంట్లో తుపాకి. పీఠం మీద పెట్టాం. లిలాయ్ చేతిలో పేలింది. నర్సుకి పికోలో అని చెప్పింది నేనే. ఈమోకి ఏ పాపం తెలియదు."

డెల్ఫా ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. వంగి, ప్లగ్గు పీకింది. చొక్కా మడతపెట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది. అరుస్తుందనుకుంది ఫెలీసా, జుట్టు పట్టుకుంటుందనుకుంది. అలా చేసినా బాగుండేది.

"వాడు చెప్పాడు," అంది డెల్ఫా.

"ఎవరు?"

"ఓన్యోకే. ఆ సాయంత్రమే చెప్పాడు, లిలాయక్క తుపాకి పేల్చిందని. మూడుసార్లు చెప్పాడు." ఆమె మడతపెట్టిన చొక్కాని చేత్తో అదిమింది. "మూడుసార్లూ కొట్టాను. ఆఖరిసారి చెప్పుతో కొట్టాను. నిన్ను చంకనేసుకుని పరిగెత్తిన మనిషి మీద అబద్ధాలు చెప్తావా అని. ఇంక ఆ తర్వాత అనలేదు. పికోలో అని ఒప్పుకున్నాడు. మామయ్య ఇచ్చాడా అని వీధి పెద్ద వచ్చి అడిగితే తలూపాడు."

ఫెలీసా చాప అంచున కూలబడింది. తన అబద్ధం ఆస్పత్రి కాగితం దగ్గర ఆగిందనుకుంది. అది ఈ ఇంట్లోకి వచ్చి, దెబ్బ తగిలిన పిల్లాణ్ణి చెప్పుతో కొట్టించి, వాడి చేత కూడా అబద్ధం ఆడించింది.

"నాకెందుకు చెప్తావు?" అంది డెల్ఫా. "వాడికి చెప్పు. ఎడమపక్కకి వెళ్ళి చెప్పు, అటు వినపడుతుంది."

ఫెలీసా మోకాళ్ళ మీద జరిగి వాడి ఎడమపక్కకి వెళ్ళింది. ఐదేళ్ళ పిల్లాడి ముందు మాట పెగలడానికి అంత కష్టమవుతుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఓన్యోక్, నువ్వు చెప్పిందే నిజం. నినాంగ్ అబద్ధం చెప్పింది."

వాడు లారీ చక్రం వేలితో తిప్పుతూ ఆలోచించాడు.

"లిలాయక్క కావాలని చెయ్యలేదు," అన్నాడు. "తాళం వేశారనుకుంది."

అప్పుడే వీధిలో మోటార్‌సైకిల్ చప్పుడైంది. అది సార్జెంటు ఇంటి ముందు ఆగకుండా, ఇంకాస్త ముందుకు వచ్చి ఇక్కడే ఆగింది.

"మారే, ఎవర్ని తీసుకొచ్చానో చూడు," అని సెవెరో గొంతు. మధ్యాహ్నం విన్న గొంతు కాదది. తేలికపడిన గొంతు.

వెనకనుంచి ఈమో దిగాడు. మాసిన బట్టలు, రెండు రోజుల గడ్డం. అక్కని చూసి నవ్వాడు. అంతా పారే పుణ్యమట. పారే కమాండరు ఇంటికే వెళ్ళి, కాళ్ళావేళ్ళా పడి, తన పూచీ మీద విడిపించాడట. పండగపూట లోపలే ఉంటాననుకున్నాడట. చెబుతూ చెబుతూ సెవెరో రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకోబోయాడు. సెవెరో చేతులు వెనక్కి లాక్కున్నాడు.

ఒక్క గంట ఆగి ఉంటే. ఫెలీసా మనసులోకి మొట్టమొదట వచ్చిన మాట అదే. ఒక్క గంట ఆగి ఉంటే ఈమో ఎలాగూ ఇంటికొచ్చేవాడు, చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. ఆ మాట తన బుర్రలోకి వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

గుమ్మంలోకి వచ్చాక సెవెరో భార్యని చూశాడు. చాప మీద మోకాళ్ళ మీద ఉంది. పక్కన ఖాళీ పళ్ళెం. డెల్ఫా తమ్ముడి దగ్గరికి వెళ్ళలేదు. సెవెరో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారిపోయాయి. ఏం చేయాలో తోచనప్పుడు పెద్దవాళ్ళు చేసేదే చేశాడు. పిల్లాడి దగ్గర గొంతుక్కూర్చుని వాడి తల నిమిరాడు.

"ఇంకెప్పుడూ పికోలో జోలికి వెళ్ళకు. సరేనా?"

అతను కూర్చున్నది కుడిపక్కన. వాడికి వినపడలేదు. సెవెరో ఇంకాస్త గట్టిగా అదే మాట అన్నాడు. ఈసారి ఓన్యోక్ తల తిప్పి ఎడమ చెవి అటు పెట్టాడు. విన్నాడు. సార్జెంటు మొహం చూశాడు, తల్లి మొహం చూశాడు, మామయ్యని చూశాడు. తర్వాత ఫెలీసా వైపు తిరిగాడు.

"నినాంగ్, ఇప్పుడు చెప్తే కొట్టరుగా?"